రెండోసారి గడప తొక్కాకే వైద్యం: ఆరోగ్య వర్సిటీలు, దత్తత కుటుంబాలు

ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు పత్రికల్లో మారుమోగే కాలం ఒకటుంది. నీట్ ర్యాంకులు రాగానే కన్వీనర్ కోటా నోటిఫికేషన్, ఆపైన మిగిలిపోయిన సీట్ల కోసం మాప్-అప్ రౌండు, స్ట్రే వేకెన్సీ, స్థానికత మీద కోర్టు కేసు, సప్లిమెంటరీ ఫలితాలు. ఈ హడావుడి ముగిశాక మళ్లీ ఏడాది దాకా ఆ పేరు పెద్దగా వినపడదు. విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి దేశంలో ఆరోగ్య శాస్త్రాల కోసమే పెట్టిన తొలి వర్సిటీగా పేరుంది. 1986 నవంబరు 1న మొదలైంది. ఇటీవలి కాలంలో అది పతాక శీర్షికలకెక్కింది మాత్రం చదువుల వల్ల కాదు. 2022 సెప్టెంబరులో దాని పేరు మారుస్తూ శాసనసభ బిల్లు ఆమోదించినప్పుడు ఒకసారి, 2024లో పాత పేరు తిరిగొచ్చినప్పుడు ఇంకోసారి. వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయానికి పేరు గొడవ లేదు గానీ, దాని వార్తలూ సీట్ల చుట్టూ, పరీక్షల చుట్టూ తిరిగేవే.

వర్సిటీకి అనుబంధంగా ఉన్న కళాశాలల వార్తలు జిల్లా పేజీల్లో వస్తాయి. వాటికీ ఒక క్యాలెండర్ ఉంది. మార్చి 24 క్షయ దినం, ఏప్రిల్ 7 ప్రపంచ ఆరోగ్య దినోత్సవం, మే 12 నర్సుల దినోత్సవం, ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాలు, నవంబరు 14 మధుమేహ దినం, డిసెంబరు 1 ఎయిడ్స్ దినం. ఏ రోజైనా కనిపించేది దాదాపు ఒకటే బొమ్మ: ముందు ఫ్లెక్సీ, వెనక తెల్లకోట్లు, మధ్యలో ప్రిన్సిపాల్, పక్కన సూపరింటెండెంట్. ఇంకా సందర్భం దొరికితే ఉచిత వైద్య శిబిరం. ‘450 మందికి పరీక్షలు, మందుల పంపిణీ’ అని ఒక వాక్యం. ఆ పరీక్షల్లో ఎంతమందికి ఏం తేలింది, తేలినవాళ్లు మర్నాడు ఎక్కడికి వెళ్లారు అన్నది ఆ వార్తలో ఉండదు. ఎవరూ అడగరు కూడా.

వైద్య విద్యలో పల్లెతో సంబంధాన్ని నిజంగా మార్చగల నిర్ణయం ఒకటి 2022లో వచ్చింది. అది వార్త కాకుండా పోయిన తీరు గమనించదగ్గది. ఆ ఏడాది మార్చి 31న వైద్య విద్యను నియంత్రించే జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన సర్క్యులర్‌లో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఆయుర్వేద ఆచార్యుడు చరకుడి పేరిట చేసే చరక శపథం, యోగా శిక్షణతో పాటు కుటుంబ దత్తత కార్యక్రమం కూడా ఉంది. దేశమంతా శపథం మీదే పడింది. నెల తిరక్కుండానే మదురై వైద్య కళాశాలలో విద్యార్థులు ఆనవాయితీగా చేసే హిప్పోక్రటిక్ ప్రమాణానికి బదులు చరక శపథం చదివారని డీన్‌ను పదవి నుంచి తప్పించడం, మళ్లీ తీసుకోవడం, టీవీల్లో చర్చలు. ప్రమాణం చదవడానికి పట్టేది రెండు నిమిషాలు. అదే కాగితంలో మూడేళ్ల పని ఉంది, దాని గురించి మాట్లాడినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. చర్చకు శపథమే అనువైంది మరి, దాంట్లో బస్సుకు డీజిల్ ఎవరు కొట్టించాలన్న ప్రశ్న రాదు.

ఆ పని ఏమిటంటే, ఎంబీబీఎస్‌లో చేరిన ప్రతి విద్యార్థికీ మూడు నుంచి ఐదు గ్రామీణ కుటుంబాలు అప్పగిస్తారు. అనాటమీ, ఫిజియాలజీ చదువుతున్న మొదటి ఏడాదిలోనే ఆ ఇళ్లకు వెళ్లాలి. కోర్సు మొదటి దశలో 27 గంటలు, రెండో దశలో 30, మూడో దశ మొదటి భాగంలో 21. మొత్తం 78 గంటలు. పూటకు మూడు గంటలనుకుంటే 26 పూటలు. 2021-22 బ్యాచ్‌తో ఇది మొదలైంది. 150 సీట్ల కళాశాలలో తలా ఐదు కుటుంబాలంటే ఏటా 750 ఇళ్లు, అంటే ఒక పెద్ద ఊరు. నాలుగు బ్యాచ్‌లు గడిచేసరికి నాలుగు ఊళ్లు. కాగితం మీద ఇదొక చిన్న మండలానికి సరిపడే బలగం.

క్షేత్రంలో ఇదెలా నడుస్తుందో చూస్తే, ఉదయం కళాశాల బస్సు బయల్దేరుతుంది. సమాజ ఆరోగ్యాన్ని బోధించే కమ్యూనిటీ మెడిసిన్ విభాగం నుంచి ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, ఒక మెడికల్ సోషల్ వర్కర్, వీలైతే ఒక పీజీ విద్యార్థి వెంట ఉంటారు. ఊళ్లో దిగాక ఆశా కార్యకర్త లేకుండా అడుగు పడదు. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఎవరు పొలం వెళ్లారు, ఏ ఇంటికి వెళ్తే మంచినీళ్లిస్తారు, ఏ ఇంటికి ఇప్పుడు వెళ్లకూడదు అన్నీ ఆమెకే తెలుసు. విద్యార్థి చేతిలో ఫ్యామిలీ ఫోల్డర్. ఇంటి యజమాని పేరు, కుటుంబ సభ్యుల వయసు, చదువు, ఆదాయం, మరుగుదొడ్డి, తాగునీరు, పొయ్యి, టీకాలు. తర్వాత ఎత్తు, బరువు, బీపీ. పద్దెనిమిదేళ్ల కుర్రాడు మొదటిసారి బీపీ కఫ్ కడుతుంటే ఆ ముసలమ్మ ఊరుకోదు. ‘మందులేమన్నా తెచ్చినారా నాయనా, ఉత్తగా రాసుకుని పోయేదానికేనా?’ అని అడిగేస్తుంది. వాడి దగ్గర మందులుండవు. ఉన్నా ఇచ్చే అధికారం లేదు. ‘అవ్వా, బీపీ కొంచెం ఎక్కువుంది, ఒకసారి డాక్టరుకు చూపించుకో’ అంటాడు. ‘సరేలేప్పా’ అంటుంది. ఫోల్డర్‌లో ఒక గడి నిండుతుంది.

కార్యక్రమం విలువ ఆ తర్వాతి విజిట్‌లోనే తేలుతుంది. పల్లెల్లో ఇవాళ్టి జబ్బుల స్వభావమే అలాంటిది. అధిక రక్తపోటు ఉందని తేల్చడానికి ఒక్క రీడింగ్ చాలదు, వేరే రోజు మళ్లీ కొలవాలి. బస్సు దిగిన కొత్త మనుషుల ముందు, ఎండలో నడిచొచ్చి కూర్చున్న మనిషికి బీపీ ఎక్కువ చూపడం మామూలే. లక్షణాలేమీ లేనివారికి షుగర్ వ్యాధి ఉందనాలన్నా రెండో పరీక్షతో ఖాయం చేసుకోవాల్సిందే. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధికైతే నిర్వచనంలోనే కాలం ఉంది. కిడ్నీ దెబ్బతిన్న లక్షణం కనీసం మూడు నెలలు కొనసాగితేనే ఆ పేరు పెట్టాలి. రక్తహీనతకు ఐరన్ మాత్రలిచ్చాక హిమోగ్లోబిన్ పెరిగిందో లేదో కొన్ని వారాల తర్వాత చూడకపోతే ఆ మాత్రలు మింగారో, అటక మీద పెట్టారో తెలియదు. మామూలు క్షయకు ఆరు నెలల మందు. ఇక ఒక్కరోజు శిబిరం దేనికి పనికొస్తుంది? కళ్లజోళ్లకు, కంటి శుక్లాలు గుర్తించడానికి, పంటి నొప్పికి, చర్మ వ్యాధులకు కొంతవరకు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు జనంలోకి వెళ్లడానికి ఒక కారణం, దగ్గరి చూపు అద్దాలు పరీక్ష చేసిన చోటే చేతికివ్వడం. అక్కడ కూడా శుక్లాల ఆపరేషన్ అవసరమైనవాళ్ల సంగతి వేరు. వాళ్లను మళ్లీ వెతికి పట్టుకుని ఆస్పత్రికి చేర్చాలి కదా.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, అంటే 2019-21 లెక్కల ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంత విస్తారంగా ఉన్నదాన్ని కనిపెట్టడానికి శిబిరం అక్కర్లేదు. ఏ ఊళ్లో ఏ వీధిలోకి వెళ్లినా కనిపిస్తుంది. కావాల్సింది అదే ఇంటికి మళ్లీ వెళ్లే మనిషి. ‘మాత్రలు వేసుకుంటే కడుపులో వికారంగా ఉంటోందమ్మా, మానేశా’ అన్న మాట రెండో విజిట్‌లోనే బయటికొస్తుంది. మొదటిసారి ఎవరూ చెప్పరు. ‘ఆ, వేసుకుంటున్నా’ అనే అంటారు.

తెలంగాణ తొలి విడత రాష్ట్రాల్లో ఒకటిగా చేరిన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలోనూ ఇరుసు ఇదే. రోగికి ఒక కార్డు, నెలకు సరిపడా మందు, నెల తిరిగినా రానివాళ్ల జాబితా, ఆ జాబితాలోని వారికి ఫోన్ లేదా ఆశా కబురు. కొత్త మందు కాదు, కొత్త యంత్రమూ కాదు. రానివాళ్ల పేర్లు రాసుకోవడమే అందులోని తెలివి. దత్తత కార్యక్రమం నడుపుతున్న విభాగాలు ఈ ఒక్క పద్ధతి అరువు తెచ్చుకున్నా చాలు: ప్రతి విజిట్‌కు ముందు విద్యార్థి చేతిలో క్రితంసారి బీపీ ఎక్కువున్నవారి పేర్లు, మందు మొదలుపెట్టనివారి పేర్లు ఉండాలి. ఇప్పుడు చాలాచోట్ల ఉండేది ఈసారి నింపాల్సిన ప్రశ్నావళి. ఒక విజిట్‌లో పోషకాహారం, ఇంకో విజిట్‌లో పారిశుద్ధ్యం, మరోదాంట్లో మొక్క నాటడం. లాగ్‌బుక్ నిండుతుంది, సంతకం పడుతుంది. ఆ అవ్వ బీపీ ఏమైందో ఆ పుస్తకంలో వెతుక్కోవాలి.

వైద్య విద్యార్థిని పల్లెకు తీసుకెళ్లాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1946 నాటి భోర్ కమిటీయే నివారణ, సామాజిక వైద్యంలో శిక్షణ ఉండాలని చెప్పింది. 1975లో శ్రీవాస్తవ కమిటీ అదే పాట మళ్లీ పాడింది. దాన్ని అనుసరించి వైద్య విద్యను పల్లె వైపు మళ్లించేందుకు 1977లో రోమ్ పథకం వచ్చింది. ఒక్కో వైద్య కళాశాల మూడు కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాకుల బాధ్యత తీసుకోవాలన్నారు. బ్రిటన్ సాయంతో పెద్ద పెద్ద మొబైల్ క్లినిక్ వాహనాలూ వచ్చాయి. ఆ వాహనాలు మన పల్లె బాటల్లో తిరగలేకపోయాయి. పథకం కూడా అలాగే ఎక్కడో ఇరుక్కుపోయింది. బండి పెద్దదైతే పనీ పెద్దదవుతుందని అనుకోవడం మన ప్రణాళికల్లో ఇప్పటికీ పోని జబ్బు. తర్వాత మిగిలింది ఇంటర్న్‌షిప్‌లో కొన్ని వారాల గ్రామీణ పోస్టింగ్. అదీ పీజీ ప్రవేశ పరీక్షకు చదువుకునే సెలవుగా మారిందని వైద్యులంతా నవ్వుతూ ఒప్పుకుంటారు.

నిలబడినవి కూడా ఉన్నాయి. వార్ధా దగ్గర సేవాగ్రామ్‌లో సుశీలా నయ్యర్ 1969లో స్థాపించిన మహాత్మాగాంధీ వైద్య విజ్ఞాన సంస్థలో ప్రతి బ్యాచ్ ఒక ఊరిని దత్తత తీసుకుంటుంది. మొదటి ఏడాదిలో విద్యార్థులు పదిహేను రోజులు ఆ ఊళ్లోనే బస చేస్తారు. తలా కొన్ని కుటుంబాలు. ఆ తర్వాత నెలనెలా వెళ్తూనే ఉంటారు. జాతీయ వైద్య కమిషన్ దేశమంతటికీ చెప్పింది స్థూలంగా సేవాగ్రామ్ పద్ధతినే. అయితే వదిలేసిన ముక్క ఒకటుంది, ఆ పదిహేను రోజుల బస. పొద్దున తొమ్మిదింటికి ఊరెళ్తే పొలాలకు పోయినవాళ్లు పోగా ముసలివాళ్లు, బాలింతలు, పసిపిల్లలే కనిపిస్తారు. తాగుడు, అప్పు, నీళ్ల కోసం జరిగే కొట్లాట, రాత్రిపూట పురుగు కుట్టినప్పుడు బండి కోసం పడే పాట్లు ఇవన్నీ సాయంత్రం తర్వాతే తెలుస్తాయి. చిత్తూరు, కడప, అనంతపురం వాళ్లకు రెండో ఇల్లులాంటి వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లోనూ విద్యార్థులు పల్లెలో ఉండి ఇంటింటి సర్వే చేసే కమ్యూనిటీ ఓరియెంటేషన్ చాలా ఏళ్లుగా నడుస్తోంది. దాని గ్రామీణ విభాగం రుహ్‌సా 1977 నుంచి కె.వి.కుప్పం ప్రాంతంలో ఉంది. ఈ రెండు చోట్లా ఊళ్లకు వెళ్లేవాళ్లు మారుతుంటారు గానీ వెళ్లే ఊళ్లు మారవు. మన దగ్గర తరచూ తలకిందులవుతుంది, వెళ్లేవాళ్లు వాళ్లే, ఊళ్లే మారిపోతుంటాయి.

ఇక శిబిరాల వెనక ఉన్న లెక్క. వైద్య కళాశాలకు అనుమతి రావాలన్నా, ఉన్న సీట్లు నిలబడాలన్నా, పెరగాలన్నా బోధనాస్పత్రిలో ఓపీ సంఖ్య చూపాలి, పడకలు నిండాలి. 2023 నిబంధనల్లో పడకల భర్తీ ఏడాది సగటున 80 శాతం ఉండాలన్నారు. ఊరికి దూరంగా కట్టిన ప్రైవేటు కళాశాలకు రోగులు వాళ్లంతట వాళ్లు రారు. అందుకే శిబిరం, అందుకే ఉచిత బస్సు, ఉచిత భోజనం, ఉచిత ఆపరేషన్. దీన్ని పూర్తిగా తప్పు పట్టలేం. హెర్నియా, గర్భసంచి సమస్య, మోకాలి నొప్పితో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నవారికి దీనివల్లే వైద్యం అందిన సందర్భాలు చాలా ఉన్నాయి. కానీ దీన్ని సామాజిక సేవ ఖాతాలో రాసుకోవడం దగ్గరే పేచీ. ఊరి అవసరం చూసి వెళ్లడం ఒకటి, ఆస్పత్రి అవసరం చూసి వెళ్లడం ఇంకొకటి. తేడా కనిపెట్టడం కష్టమేం కాదు. తనిఖీలు ముగిసిన నెలలో కూడా ఆ బస్సు ఊళ్లోకి వస్తోందా అని సర్పంచ్‌ను అడిగితే సరి.

కళాశాలలు, వర్సిటీ బయటికి వెళ్లి నిజంగా ఏదైనా సాధించాయా అంటే ఉద్దానం గురించి చెప్పుకోవాలి, అక్కడి వైఫల్యంతో సహా. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల చుట్టూ కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఆ సీమలో కిడ్నీ జబ్బు మామూలు కారణాలకు లొంగదు. బీపీ, షుగర్ లేని రైతులకు, కూలీలకు కిడ్నీలు చెడిపోతున్నాయి. ఈ సమస్య మీద చాలాకాలం పనిచేసినవారిలో నెఫ్రాలజిస్టు డాక్టర్ టి.రవిరాజు ఒకరు. ఆయన ఎన్టీఆర్ ఆరోగ్య వర్సిటీకి ఉపకులపతిగా కూడా పనిచేశారు. 2019లో వెలువడిన అధ్యయనంలో ఆయన బృందం ఉద్దానం పల్లెల్లో శాస్త్రీయంగా ఎంచుకున్న రెండు వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించింది. వందకు దాదాపు 18 మందిలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి కనిపించింది. ఆ స్థాయి లెక్క చేతిలో ఉంటే ప్రభుత్వాలు తప్పించుకోవడం కష్టం. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

వైఫల్యం ఎక్కడంటే, కారణం ఇప్పటికీ తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని, చాలినంత నీళ్లు తాగకపోవడం అన్నారు. ఏదీ ఖాయం కాలేదు. అది సైన్సు చేతిలో ఉన్న విషయం, ఎవరినీ నిందించలేం. నిందించదగ్గది వేరే ఉంది. ‘ఎన్నో బృందాలొచ్చాయి, రక్తం తీసుకెళ్లారు, నీళ్లు తీసుకెళ్లారు, రిపోర్టు ఏమైందో ఒక్కరూ చెప్పలేదు’ అన్నది ఉద్దానంలో ఏళ్లుగా వినిపించే మాట. రక్తం ఇచ్చిన మనిషికి కిడ్నీల పనితీరు చెప్పే తన క్రియాటినిన్ ఎంతో తెలియకపోతే, ఆ అంకె పరిశోధకుడికి ఎంత విలువైనదైనా ఆ ఇంటికి ఒరిగేదేం లేదు. తర్వాతి బృందం వచ్చినప్పుడు తలుపు తీయరు. ఒక శాస్త్రవేత్త మర్యాద తప్పితే నష్టం పదిమంది శాస్త్రవేత్తలకు. దత్తత కుటుంబాల విషయంలో ఇదే ప్రమాదం పొంచి ఉంది. వందల మంది విద్యార్థులకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) స్వల్పకాలిక ప్రాజెక్టులకో, పీజీల థీసిస్‌లకో తేలిగ్గా దొరికే శాంపిల్ ఆ కుటుంబాలే. ఫలితం ఇంటివాళ్లకు రాతపూర్వకంగా, తెలుగులో, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చేరిందన్న రుజువు లేకుండా, పరిశోధనల్లో నైతికతను చూసే ఏ ఎథిక్స్ కమిటీ ఆ ప్రాజెక్టును ముగిసినట్టు లెక్కించకూడదు. నిబంధనగా పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

ఈ మొత్తంలో వర్సిటీ పాత్ర ఏమిటి? ఎన్టీఆర్, కాళోజీ వర్సిటీలు ప్రధానంగా అనుబంధ వర్సిటీలు. పాఠం చెప్పేది కళాశాల, పరీక్ష పెట్టేది వర్సిటీ. దానికి సొంత పల్లె లేదు, సొంత బస్సు లేదు. అయినా చేతిలో ఒక పెద్ద కొరడా ఉంది, ప్రశ్నపత్రం. విద్యార్థి దేనికి భయపడతాడో దాన్నే చదువుతాడు. కమ్యూనిటీ మెడిసిన్ ప్రాక్టికల్‌లో బయటి ఎగ్జామినర్ వచ్చి ‘నీ మూడో కుటుంబంలో బీపీ ఉన్నవారెవరు, ఆ మనిషి ఇప్పుడు ఏ మందు వాడుతున్నారు, ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు, పోయిన నెల రీడింగ్ ఎంత’ అని అడిగే రోజు వస్తే లాగ్‌బుక్‌ను ముందు రాత్రి హాస్టల్‌లో కూర్చుని నింపే అలవాటు దానంతటదే పోతుంది. ఇప్పుడడిగేవి కుటుంబ రకాలు, సామాజిక-ఆర్థిక స్థాయి స్కేలు, సబ్‌సెంటర్ జనాభా ప్రమాణం. వీటికి సమాధానం గైడులో ఉంటుంది. ఆ ఇంటి మూడో మనిషి రీడింగ్ గైడులో ఉండదు.

ఇంకో బలం వర్సిటీకి తప్ప ఏ ఒక్క కళాశాలకూ లేనిది. వైద్యం, దంతవైద్యం, నర్సింగ్, ఫిజియోథెరపీ, ఆయుష్, పారామెడికల్ అన్నీ ఒకే గొడుగు కింద ఉన్నాయి. ఊళ్లో మాత్రం ఇవి ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. నర్సింగ్ కళాశాల విద్యార్థినులు కమ్యూనిటీ హెల్త్ పోస్టింగ్‌కని ఒక వారం వచ్చి ఇంటింటి సర్వే చేసి వెళ్తారు. పక్క నెల ఎంబీబీఎస్ వాళ్లొచ్చి అవే ప్రశ్నలు అడుగుతారు. దంత కళాశాల మొబైల్ వ్యాన్ ఇంకో రోజు. ఒకే ఇంట్లో ముగ్గురు మూడు కాగితాలు నింపుతారు, ఎవరి కాగితం ఎవరికీ అందదు. ఫ్లోరోసిస్‌నే తీసుకుంటే, దేశంలో ఎముకలను వంచే ఈ జబ్బును మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. తర్వాత నల్గొండ పేరు దీనికి మారుపేరైంది. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి కూడా ఆ జిల్లా పేరే పెట్టారు. పిల్లల పళ్ల మీద మచ్చలు ముందు కనిపించేది దంతవైద్యుడికి. వంగిన నడుముతో పనిచేసేది ఫిజియోథెరపిస్టు. ఇంట్లో ఏ బోరు నీళ్లు వంటకు, ఏవి తాగడానికి వాడుతున్నారో రోజూ చూసేది ఏఎన్ఎం. ఎంబీబీఎస్ విద్యార్థి ఒక్కడే వెళ్తే సగం చూసి వస్తాడు. ఒకే గ్రామానికి, ఒకే ఫోల్డర్‌తో, నాలుగు కోర్సుల విద్యార్థులను పంపమని చెప్పగలిగేది వర్సిటీ ఒక్కటే. అనుబంధ ఉత్తర్వుల్లో ఒక పేరా చాలు.

కొత్త కళాశాలలతో ఈ ప్రశ్న మరింత దగ్గరికొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సెప్టెంబరు 15న విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ఐదు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఒకేసారి మొదలయ్యాయి. 2024లో పాడేరుకు 50 సీట్లతో అనుమతి వచ్చింది. తెలంగాణలో జిల్లాకొక వైద్య కళాశాల విధానంతో ఆసిఫాబాద్, ములుగు దాకా వెళ్లాయి. హైదరాబాదు నడిబొడ్డున ఉన్న కళాశాల విద్యార్థికి పల్లె అంటే బస్సెక్కి వెళ్లే చోటు. పాడేరు విద్యార్థికి హాస్టల్ గోడ అవతలే ఊరు. దూరం సమస్య లేదు. ఉన్నవి రెండు. ఒకటి మనుషులు. కొత్త చోట్ల కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో ఉన్న కొద్దిమంది అధ్యాపకులే తనిఖీ ఫైళ్లు, జిల్లా ఆరోగ్య కార్యక్రమాలు, క్లాసులు, దత్తత విజిట్లు అన్నీ మోయాలి. రెండోది భాష. పాడేరు మన్యంలో కువి, ఆదివాసీ ఒడియా, ఆసిఫాబాద్‌లో గోండి, కొలామి మాట్లాడే ఇళ్లుంటాయి. గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడికి ఆ భాషలు కొత్త, ఆలిండియా కోటా 15 శాతంలో రాజస్థాన్ నుంచి వచ్చినవాడికి తెలుగే కొత్త. ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాషకు గంటలున్నాయి గానీ, స్థానికం అంటే రాష్ట్ర భాష అనే అర్థం తీసుకుంటున్నారు. ‘ఎన్నాళ్లుగా జ్వరం’, ‘మందు తిన్నాక వాంతి అయిందా’ లాంటి ఇరవై ముప్పై మాటలు గోండిలో నేర్పడానికి ప్రొఫెసర్ అక్కర్లేదు, ఆ ఊరి ఆశా చాలు. ఆమెకు గంటకింతని గౌరవ వేతనం ఇవ్వాలి, అంతే. ప్రస్తుతం ఈ కార్యక్రమం మొత్తం ఆమె సహకారం మీద నడుస్తూ ఆమెకు ఒక్క రూపాయి ఇవ్వనిచోట్లే ఎక్కువ.

మందుల ప్రశ్న కూడా అలాగే ఉంది. ‘మందులు తెచ్చారా’ అన్న అవ్వకు విద్యార్థి చెప్పగలిగిన సరైన జవాబు ఒకటే, ‘నీ పేరు విలేజ్ క్లినిక్‌లో రాయించా, ఫలానా రోజు మాత్రలు దొరుకుతాయి’ అని. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ ఆరోగ్య క్లినిక్‌లు, 104 వాహనాలు, తెలంగాణలో పల్లె దవాఖానాలు ఉండనే ఉన్నాయి. అక్కడ పనిచేసే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది (ఎంఎల్‌హెచ్‌పీ) బీపీ, షుగర్ మందులు నెలనెలా ఇవ్వగలరు. విద్యార్థి రాసిన రీడింగ్ ఆ క్లినిక్ రిజిస్టర్‌లోకి చేరితే ఆ గొలుసు కలుస్తుంది. చాలాచోట్ల కలవడం లేదు. కళాశాల వైద్య విద్యా శాఖ కింద, క్లినిక్ ప్రజారోగ్య శాఖ కింద. ఇద్దరు అధికారుల మధ్య ఒక లేఖ నడవాలి. అది నడిచిన జిల్లాలో పని నడుస్తుంది, నడవనిచోట కుర్రాళ్లు మొక్కలు నాటి వస్తున్నారు.

ఇక తేలాల్సింది 78 గంటలు అయిపోయాక ఏమిటన్నది. మూడో దశ మొదటి భాగంతో విద్యార్థి బాధ్యత తీరిపోతుంది. ఫోల్డర్ విభాగం బీరువాలోకి వెళ్తుంది. ఆ ఊరికి మళ్లీ ఎవరైనా వెళ్లాలా, కొత్త బ్యాచ్‌కు కొత్త ఊరు ఇవ్వాలా అన్నది కళాశాల తేల్చుకోవాలి. కొత్త ఊరైతే వార్తకు బాగుంటుంది, దత్తత గ్రామాల సంఖ్య ఏటా పెరుగుతుంది. పాత ఊరినే జూనియర్లకు అప్పగిస్తే సంఖ్య పెరగదు. కానీ మూడేళ్ల రీడింగులు ఉన్న ఫోల్డర్‌తో పని మొదలవుతుంది, ఆశాకు కళాశాల పరిచయమై ఉంటుంది, ఊరివాళ్లు తలుపు తీస్తారు. ఇంటర్న్‌షిప్‌లో కమ్యూనిటీ మెడిసిన్‌కు కేటాయించిన వారాలను కూడా ఆ ఊరి పీహెచ్‌సీలోనే వేస్తే, మొదటి ఏడాది బీపీ కఫ్ కట్టడం రాక తడబడ్డ విద్యార్థే ఈసారి మందు రాయగల హోదాలో అదే ఇంటికి వెళ్తాడు. పోస్టింగ్ ఆర్డర్లు తయారుచేసే గుమాస్తాకు పాత దత్తత జాబితా ఒక కాపీ ఇస్తే సరిపోయే పని ఇది.